అంచు కాలువ చప్పుడు

మనం అక్కని వదిలిపెట్టిన చోటు గుర్తుందిగా. ఓడ తొమ్మిదో అంతస్తులో, కేబిన్ కిటికీ పక్కన, ఒళ్ళో చెల్లెలి చేతిసంచీ, చేతిలో ఒక ఉత్తరం. తన పేరు మీద రెండు నెలల కిందట వచ్చి తనదాకా చేరని ఉత్తరం. రాసింది చేపపిల్ల. అక్క దగ్గర ఏడేళ్ళప్పుడు ఈత మొదలుపెట్టిన శిష్యురాలు, ఆ ముద్దుపేరు పెట్టింది కూడా అక్కే. కాళ్ళు కదపలేనివాళ్ళకి ఈత నేర్పే బడి ఒకటి తెరిచానని, దానికి పెద్ద కోచ్‌గా మీరే రావాలని, మీ చక్రాల కుర్చీ తిరిగేలా గది కూడా కట్టించానని రాసింది. ఆ బడి ఉన్న రేవులోనే రేపు పొద్దున ఓడ ఒడ్డుకి ఆనుకుని ఆగుతుంది.

మూడేళ్ళుగా చెల్లెలి ఇంట్లో, చెల్లెలు తోసినవైపు కదులుతూ బతుకుతున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి. కానీ పాస్‌పోర్టు చెల్లెలి దగ్గరుంది. నిన్న మధ్యాహ్నం రిసెప్షన్ ముందు అక్క పరువు సంగతి మరిచిపోయి గొంతు చించుకుంది. రేపు దిగి తీరతానంది. చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుని వద్దని బతిమాలింది. చూస్తున్నవాళ్ళంతా చెల్లెలి మీదే జాలిపడ్డారు. జాలి ఎప్పుడూ కుర్చీ తోసేవాళ్ళకే దక్కుతుందని అక్కకి తెలుసు.

ఈ పొద్దున మాత్రం చెల్లెలు నవ్వుతూ లేచింది. జుట్టు దువ్వుతూ ఒక బేరం పెట్టింది. మూడేళ్ళుగా నీళ్ళ ముఖం చూడని మనిషివి, ఇంకొకళ్ళకి ఈతేం నేర్పుతావు అని అడిగింది. పైన కొలనుంది, అందులో ఒక్క పొడవు ఈది చూపించు, పాస్‌పోర్టు నీ చేతికిచ్చి రేపు నేనే దింపుతాను అంది. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. సరేనంది.

ఇక ఇవాళ్టి కథ.

ఇవాళ ఓడ తీరానికి దూరంగా లంగరు వేసింది. ఒడ్డుకి వెళ్ళాలంటే చిన్న పడవల్లోకి దిగాలి. నాలుగు మెట్లు, తర్వాత ఊగుతున్న అంచు మీదనుంచి ఒక అడుగు. చక్రాల కుర్చీకి ఆ ఒక్క అడుగు లేదు. అందుకని రెండువేల మంది ప్రయాణికులు టోపీలు పెట్టుకుని ఊరు చూడటానికి పోతే, అక్కచెల్లెళ్ళిద్దరూ ఖాళీ ఓడలో మిగిలారు. వరండాల్లో పరిచిన మెత్తటి తివాచీలో చక్రాలు కూరుకుపోతున్నాయి. నడిచేవాళ్ళకి సుఖం, నెట్టుకునేవాళ్ళకి భుజాల నొప్పి. అక్క పళ్ళు బిగబట్టి తనే నెట్టుకుంటూ లిఫ్టు దాకా వచ్చింది. చెల్లెలు రెండడుగుల వెనక, మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీతో, ఏదో కూనిరాగం తీస్తూ నడిచింది.

పన్నెండో అంతస్తులో ఆకాశం కింద కొలను. పన్నెండు మీటర్లకి మించి లేదు. దాని మూలలో ఒక ఇనుప చెయ్యి, ఆ చేతికి వేలాడుతూ తెల్లటి ప్లాస్టిక్ కుర్చీ. మీట నొక్కితే కుర్చీ గాల్లోకి లేచి, తిరిగి, నీళ్ళలోకి దిగుతుంది. దాన్ని నడిపేవాడు బట్టతల అటెండెంటు, యాభై దాటిన మనిషి. చక్రాల కుర్చీల వాళ్ళని ఎక్కించడం దించడం అంతా ఓడలో అతని పనే. అక్కని బెల్టుతో కట్టి మెల్లగా నీళ్ళలోకి దించాడు. నీళ్ళు నడుము దాకా వచ్చినా చల్లదనం తెలియలేదు. పొట్ట దాటాక ఒక్కసారిగా తెలిసింది. అక్క కళ్ళు మూసుకుంది.

మూడేళ్ళు.

చెల్లెలు అటెండెంటుని అన్నయ్యా అని పిలిచింది. తనూ ఈత కోచేనంటూ లైసెన్సు చూపించి, మీరు టీ తాగి రండి, మా అక్కని నేను చూసుకుంటానని చెప్పింది. ఆ మాట చెప్పడంలో ఆమెకి ఒక నేర్పు ఉంది. ఎవరైనా కరిగిపోతారు. ఇలాంటి చెల్లెలు ఎవరికి దొరుకుతుంది మేడమ్ అని అక్కతో అని, మీటని చెల్లెలి చేతిలో పెట్టి అతను వెళ్ళిపోయాడు.

అతని అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా చెల్లెలు ఆగింది. తర్వాత వంగి బెల్టు విప్పి, అక్కని నీళ్ళలో వదిలి, మీట నొక్కింది. ప్లాస్టిక్ కుర్చీ పైకి లేచి గాల్లో నిలబడిపోయింది.

"షరతు గుర్తుందిగా అక్కా. ఈ చివరనుంచి ఆ చివరకి. గట్టు పట్టుకోకూడదు. పట్టుకుంటే మళ్ళీ మొదట్నించి."

"అది నా రూలు."

"నీదే. నేను కొత్తగా ఏం కనిపెట్టగలను చెప్పు."

అక్క వెల్లకిలా తేలి, చేతులు వెనక్కి విసిరింది. మూడేళ్ళు చక్రాలు తిప్పిన భుజాలు, బలానికి లోటు లేదు. కానీ ఆ బలాన్ని కాళ్ళు తినేస్తున్నాయి. నడుము కింద ఎవరివో రెండు తడిసిన బరువులు కట్టినట్టు కిందికి లాగుతున్నాయి. మూడో విసురుకే ముఖం మునిగింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి పోయాయి. దగ్గుతూ గట్టు పట్టుకుంది.

వేళ్ళ మీద చెప్పు మొన తగిలింది. నొప్పిపెట్టేలా కాదు, రెండుసార్లు, టక్ టక్ అని.

అదీ అక్కదే. పదిహేనేళ్ళ పాటు ఎంతమంది పిల్లల వేళ్ళ మీద అలా తట్టిందో లెక్కలేదు. అమ్మానాన్నా పోయాక తనే పెంచిన ఈ చెల్లెలిని అయితే మరీ. తోబుట్టువని తేడా చూపించిందని ఎవరూ అనకూడదు కదా. ఒక చలికాలం పొద్దున చెల్లెలి పెదాలు నీలంగా మారేదాకా గట్టు ముట్టుకోనివ్వలేదు. పిల్లల తల్లులు బాబోయ్ అని ముఖాలు తిప్పుకున్నారు. అక్క గడియారం చూస్తూ నిలబడింది. అది పెంపకం అనుకుంది.

రెండోసారి సగం దాకా వచ్చింది. ఈసారి ఊపిరి చాలలేదు. చెయ్యి గట్టు మీద పడింది. చెల్లెలు తట్టలేదు. చెప్పు ఆ వేళ్ళ మీద పెట్టి, మెల్లగా, తన బరువంతా ఆ కాలి మీదికి మార్చింది. అలాగే నిలబడి, మూడేళ్ళ నుంచి తను చేసిన సేవంతా చెప్పుకొచ్చింది. ఎన్నిసార్లు స్నానం చేయించిందీ, ఎన్ని పక్కలు మార్చిందీ, వీపు మీద పుండు పడకుండా ప్రతి రెండు గంటలకీ ఎలా దొర్లించిందీ. గొంతులో కోపం లేదు. పిల్లలకి ఎక్కం చెప్తున్నట్టు చెప్పింది. ఇంత చేశాక ఒక ఉత్తరం ముక్క రాగానే ఎగిరిపోదామనుకున్నావా అని అడిగింది.

అక్క అరవలేదు. అరిస్తే ఆమెకి ఆనందం. కాలు తీసేదాకా ఆగి, వేళ్ళు నీళ్ళలో ముంచుకుంది. మళ్ళీ మొదటి చివరకి వచ్చి తేలింది. చెవులు నీటిలో మునిగాయి. అప్పుడు వినపడింది ఆ చప్పుడు.

గుల గుల గుల.

ప్రతి కొలనుకీ అంచు చుట్టూ సన్నటి కాలువ ఉంటుంది. కొలను నిండుగా ఉంటే నీళ్ళు అంచు దాటి ఆ కాలువలోకి జారుతూ ఇలా చప్పుడు చేస్తాయి. అక్క రోజూ చీకట్లో, పిల్లలు రాకముందే కొలను దగ్గరికి వెళ్ళేది. దీపం వెయ్యకుండా, కళ్ళు తెరవకుండా, ఆ చప్పుడు విని దూకేది. తను ఈత నేర్చుకునే రోజుల నుంచీ పాతికేళ్ళ అలవాటు. గొప్ప అనుకో, పొగరు అనుకో.

మూడేళ్ళ కిందట ఆ రోజూ అలాగే విని దూకింది. కొలనులో నీళ్ళు లేవు. అడుగున పరిచిన పలకలు మార్చడానికి ముందురోజు సాయంత్రమే తోడేశారు. పోటీలకి పొరుగూరు వెళ్ళి ఆ రాత్రే తిరిగొచ్చిన అక్కకి ఆ సంగతి తెలియదు.

ఆస్పత్రిలో కళ్ళు తెరిచాక ఆమెని కుంగదీసింది కాళ్ళు కాదు. ఖాళీ కొలను చప్పుడెలా చేసింది అన్న ప్రశ్న. పంపులన్నీ ఆపేసి ఉన్నాయని అందరూ చెప్పారు. అయితే తన చెవులే తనని మోసం చేశాయి. కోచ్ అయ్యుండి కళ్ళు మూసుకుని దూకిందని తెలిస్తే నలుగురిలో తలెత్తుకోగలదా. అందుకని విచారణకి వచ్చినవాళ్ళకి అబద్ధం చెప్పింది. చూసే దూకానంది. వెలుతురు చాలక నీళ్ళున్నాయని పొరబడ్డానంది. హెచ్చరిక బోర్డు లేదంది. బోర్డు పెట్టానని మొత్తుకున్న, పంపులు చూసే తాతని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆ చప్పుడు మాట ఈ మూడేళ్ళలో అక్క ఎవరితోనూ అనలేదు. డాక్టరుతో కూడా. ఆ చప్పుడు ఆమె సిగ్గు, దాన్ని లోపలే పాతిపెట్టింది.

ఇప్పుడు దాన్ని వింటూనే తేలుతూ ఆలోచించింది. బయటపడాలంటే ఒకటే దారి. ఎదుటివాళ్ళకి కోపం తెప్పించాలి. కోపంలో ఉన్నవాళ్ళు గట్టు మీద నిలబడి ఉండలేరు, పక్కకి పోతారు, అప్పుడు ఊపిరి తీసుకోవడానికి కాస్త సందు దొరుకుతుంది. ఎక్కడ పొడవాలో అక్కకి బాగా తెలుసు. పెంచింది తనేగా.

"వాచీ పట్టుకోవడం ఇప్పటికీ రాలేదే నీకు. బొటనవేలితో నొక్కాలి అని ఎన్నిసార్లు చెప్పాను."

చెల్లెలు వాచీ వైపు చూసుకుంది.

"అందుకే నిన్ను జట్టులోంచి తీసేసి చేపపిల్లని పెట్టాను. నువ్వింకా దానికి ఏడుస్తున్నావు. నీకు కాళ్ళున్నాయి, ఊపిరుంది. చెవుల్లేవు. నీళ్ళు ఏం చెప్తున్నాయో దానికి వినపడేది, నీకు ఏనాడూ వినపడలేదు. ఈ జన్మలో వినపడదు."

చెల్లెలి ముఖం ఎర్రబడింది. ఆమె పక్కకి పోలేదు. ఒక్క అడుగు ముందుకి వేసి అంచు మీదికి వంగింది.

"చెవులా. ఏం చెవులక్కా అవి. ఒక తోట పైపుకి మోసపోయిన చెవులు."

అక్క చేతులు ఆగిపోయాయి.

మాట బయటికి వచ్చాక, నోరు జారానని చెల్లెలికీ తెలిసింది. స్టాప్‌వాచీ మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. ఓడ మెల్లగా ఒక పక్కకి ఒరిగింది. నీళ్ళు అంచు కాలువలోకి జారాయి. గుల గుల. మళ్ళీ సర్దుకున్నాయి.

తోట పైపు. కొలను వెనక పూలకుండీలకి నీళ్ళు పోసే ఆకుపచ్చ రబ్బరు పైపు. దాన్ని కాలువలో పడేసి కొళాయి సన్నగా తిప్పితే చాలు. చప్పుడు కావాలంటే కొలనంతా నిండనక్కర్లేదు. ఇంత చిన్న సంగతి పాతికేళ్ళు నీళ్ళలో బతికిన మనిషికి మూడేళ్ళుగా తట్టలేదు. తన చెవుల్ని అనుమానించింది గానీ, తన ఇంట్లో మనిషిని అనుమానించలేదు.

"నువ్వా," అంది అక్క.

చెల్లెలు బుకాయిస్తుందనుకుంది అక్క. ఆమె బుకాయించలేదు. గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది, కబుర్లు చెప్పుకోవడానికి కూర్చున్నట్టు.

"చచ్చిపోతావని అనుకోలేదులే. అంత చెడ్డదాన్ని కాదు. చెయ్యో భుజమో విరిగి, ఒక సీజనంతా గట్టు మీద కూర్చుంటావనుకున్నా. నువ్వు నన్ను కూర్చోబెట్టినట్టు. బోర్డు కూడా నేనే తీశాను. తీసి మళ్ళీ పెట్టెయ్యొచ్చనుకున్నాను. నువ్వు అరిచిన అరుపుకి అది మర్చిపోయాను."

అక్క అందరికీ చెప్తానంది. విచారణ మళ్ళీ తెరిపిస్తానంది. మాటలు తడబడుతున్నాయి, ముఖం మీద నీళ్ళు కొడుతున్నాయి, అయినా అంది. చెల్లెలు పాపం అన్నట్టు తల ఊపింది.

"ఏమని చెప్తావు. చప్పుడు విని దూకానని చెప్తావా. నీ చేత్తో రాసిచ్చావు కదక్కా, కళ్ళతో చూసే దూకానని. కింద సంతకం. ఆ కాగితం చదివిన రోజు నేను ఎంత ఏడ్చానో తెలుసా. నీ పరువు కోసం ఆ తాతని బలిపెట్టావు. నన్ను మాత్రం చక్కగా కాపాడావు."

ఆ మాటకి అక్కలో ఏదో తెగింది. భయం కాదు, ఏడుపు కాదు. ఎముకలదాకా మండే కోపం. ఆ కోపంతోనే చేతులు విసిరింది. ఒకటి, రెండు, మూడు. కాళ్ళు లాగుతున్నాయి, లాగనీ. ముఖం మునిగింది, మునగనీ. నడుమును పక్కకి తిప్పి, ఒక భుజం మీద ఒరిగి, కొత్తగా, తనకే తెలియని తీరులో నీళ్ళని చీల్చుకుంటూ పోయింది. గట్టు పక్కనే ఉంది. పట్టుకోలేదు. కళ్ళముందు చీకట్లు కమ్ముతుండగా నెత్తి అవతలి గోడకి ఠపీమని తగిలింది.

ఈల మోగింది.

"భేష్," అంది చెల్లెలు. నిజంగానే మెచ్చుకుంది. లేచి అటు చివరకి వచ్చి, మెడలో వేలాడుతున్న చిన్న సంచీలోంచి పాస్‌పోర్టు తీసి గట్టు మీద, తడి తగలనిచోట పెట్టింది. "మాటంటే మాటే. రేపు దిగుతున్నావు."

అక్క ఊపిరి పీల్చుకోలేకపోతోంది. గోడని కరుచుకుని పాస్‌పోర్టు వైపు చూసింది. చెల్లెలి వైపు చూసింది. ఇంత సులువుగా ఎందుకు ఇచ్చింది.

"చేపపిల్లకి జవాబు నేనే రాశాను, నీ పేరు మీద. ఉత్తరం వచ్చిన వారానికే. ఓడ ఫలానా రోజున వస్తుంది, ఫోన్ చెయ్యొద్దు, చెల్లెలికి తెలిస్తే రానివ్వదు అని. రేవులో నిలబడి ఉంటుంది పాపం. ఈ ఓడ టిక్కెట్లు నేను ఎందుకు కొన్నాననుకున్నావు. నిన్ను సముద్రం చూపించి మురిపిద్దామనా."

"ఎందుకు," అంది అక్క.

"ఉత్తరంలో రెండో కాగితం ఉంది. నువ్వు చూళ్ళేదులే, నేను చించేశాను. నువ్వు పడ్డ రోజు చేపపిల్ల తొందరగా ప్రాక్టీసుకి వచ్చిందట. ఎవరో ఆకుపచ్చ పైపు చుట్టుకుంటూ వెళ్ళడం చూసిందట. పనివాళ్ళెవరో అనుకుందట. ఇప్పుడు పెద్దదయ్యింది కదా, బుర్ర పనిచేస్తోంది. ఆ సంగతి నీకు ఎదురుగానే చెప్పాలట." చెల్లెలు నవ్వింది. "వీపు చూసింది అక్కా, ముఖం చూళ్ళేదు. రేపు ముఖం చూపిద్దామని."

అక్కకి నిన్న రిసెప్షన్ దగ్గర గొడవ గుర్తొచ్చింది. దిగుతానని మొండికేసింది తను. వద్దని ఏడ్చింది చెల్లెలు. చూసినవాళ్ళు పదిమంది. రేపు ఆ రేవులో ఏం జరిగినా, అక్కడికి వెళ్ళాలని పట్టుబట్టింది ఎవరు అంటే అందరూ ఎవర్ని చూపిస్తారో వేరే చెప్పాలా. అంతా తన నోటితో తనే చేసింది.

దిగనంటే సరిపోతుందా. చేపపిల్ల రేవులో నిలబడే ఉంటుంది. చెల్లెలు ఒక్కతే మెట్లు దిగి, నవ్వుతూ, మా అక్కకి ఒంట్లో బాగాలేదు, నిన్ను తీసుకురమ్మంది అంటుంది. పిచ్చిపిల్ల వెనకే నడుస్తుంది. దిగితే కనీసం ఇద్దరి మధ్యా తన కుర్చీ ఉంటుంది.

అటెండెంటు మెట్ల దగ్గర కనిపించాడు. చెల్లెలి ముఖం ఎలా మారిపోయిందో అక్క కళ్ళారా చూసింది. దీపం వెలిగించినట్టు మారింది. ఎదురువెళ్ళి, మా అక్క ఈదిందన్నయ్యా, ఒక్క పొడవు, గట్టు ముట్టుకోకుండా అని చెప్పింది. అతను చప్పట్లు కొట్టాడు. మీట నొక్కి ప్లాస్టిక్ కుర్చీ దించి అక్కని పైకి లేపాడు. తువ్వాలు కప్పింది, కుర్చీలోకి చేరాక బెల్టు పెట్టింది చెల్లెలే. ఊపిరి ఆడనంత గట్టిగా.

అక్క గొంతు సవరించుకుంది. ఉన్నదంతా చెప్తే నిన్న గొడవ చేసిన మనిషిని ఎవరూ నమ్మరు, కనీసం ఒక సాక్షి కావాలి. చెవిన వేసి ఉంచాలి.

"బాబూ, రాసిపెట్టుకో. రేపు మేమిద్దరం దిగుతున్నాం. నా కుర్చీ తోసేది మా చెల్లెలే. ఇంకెవరూ కాదు."

అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. రేపు కుర్చీలతో దిగేవాళ్ళ జాబితా. వేలు పెట్టి వెతుక్కుంటూ, రాయక్కర్లేదు మేడమ్, ఓడ ఎక్కిన రోజే మీ చెల్లెలిగారు రాయించారు అన్నాడు. అంతలో వేలు ఒక గడి దగ్గర ఆగింది. నొసలు చిట్లించాడు.

"ఇదొక్కటే అర్థం కాలేదమ్మా. దిగేవాళ్ళు ఇద్దరని ఉంది. సాయంత్రం తిరిగి ఎక్కేవాళ్ళు ఒక్కరే అని ఉంది. తప్పు పడిందా, దిద్దమంటారా?"

ఉత్తరం సంగతి తనకి తెలియకముందే రాయించిన లెక్క అది, తిరిగి ఎక్కని మనిషి తనే. అక్క వెనక్కి తిరిగి చూడలేకపోయింది. కుర్చీ పిడుల మీద చెల్లెలి చేతులు బిగుసుకోవడం మాత్రం వీపుకి తెలిసింది.

"తప్పేం లేదన్నయ్యా," అంది చెల్లెలు. "అలాగే ఉండనివ్వండి."